అమెరికా వెళ్లే పిల్లలకు అడ్వైజర్ సంగతి ముందే చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ విద్యా పేజీలో అమెరికా చదువుల మీద వచ్చే వ్యాసాలు ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో చదువుతుంటాను. యూనివర్సిటీ ఎంపిక, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), వీసా ఇంటర్వ్యూ, ఎడ్యుకేషన్ లోను... విమానం ఎక్కేదాకా కావలసినవన్నీ వివరంగా రాస్తున్నారు. విమానం దిగిన మొదటి నెలలో ఎవరిని కలవాలో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఈ ఉత్తరం అందుకే.

నేను ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో అకడమిక్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. నా ఎదురు కుర్చీలో వచ్చి కూర్చునే విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు. కానీ వాళ్లలో ఎక్కువమంది నా దగ్గరికి వచ్చేది పరిస్థితి చెయ్యి దాటాక. అదే పిల్లవాడు పది రోజుల ముందు వచ్చి ఉంటే ఒక్క ఫారంతో అయిపోయే పని, ఆలస్యంగా రావడం వల్ల వీసా దాకా వెళ్తుంది. ఇది చూసి చూసి నాకు బాధ ఆగక రాస్తున్నాను.

మన దగ్గర ఇంజనీరింగ్‌లో ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టులు చదవాలో చాలావరకు యూనివర్సిటీయే ముందే నిర్ణయిస్తుంది. విద్యార్థి చేతిలో ఉండేది కొన్ని ఎలెక్టివ్‌లు. ఇక్కడ అలా కాదు. మాస్టర్స్ అంటే సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకి ఇన్నని ఉండే పాయింట్లు). వాటిలో తప్పనిసరి ఏవి, ఎంచుకునేవి ఏవి, దేనికి ముందు ఏది చదివి ఉండాలి, ఏ కోర్సు ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) మాత్రమే పెడతారు, ఏది ఏడాది విడిచి ఏడాది వస్తుంది, ఇవన్నీ చూసుకుని ఎవరి డిగ్రీని వాళ్లే పేర్చుకోవాలి. ముందు చదివి ఉండాల్సిన కోర్సు, అంటే ప్రీరిక్విజిట్, ఒకటి వదిలేస్తే దాని తర్వాతి కోర్సు తీసుకోవడానికి కుదరదు. ఆ కోర్సు మళ్లీ వచ్చే ఫాల్‌లోనే ఉందంటే చదువు ఏడాది వెనక్కి జరిగిందన్నమాట, ఆ ఏడాది ఫీజు, అద్దె, లోను వడ్డీ అన్నీ కలిపి. ఈ లెక్క విద్యార్థితో కలిసి కూర్చుని చూడటానికే యూనివర్సిటీ మాకు జీతమిస్తోంది. మాతో మాట్లాడినందుకు విద్యార్థి వేరే ఫీజేమీ కట్టనక్కర్లేదు.

బ్యాచిలర్స్‌కి వచ్చే పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా నిబంధనల ప్రకారం వాళ్లకు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఆ 12 చాలనుకుంటారు. కానీ డిగ్రీకి కావలసింది సాధారణంగా 120. ఎనిమిది సెమిస్టర్లూ 12 చొప్పున తీసుకుంటే వచ్చేది 96. నాలుగేళ్లలో పూర్తి చేయాలంటే సెమిస్టర్‌కి 15 ఉండాలి, లేదా సమ్మర్‌లో చదవాలి. ఇంత చిన్న లెక్క మూడో ఏడు దాకా ఎవరూ చెప్పలేదని నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయి ఉంది.

అడ్వైజర్ అంటే అందరూ ఒకటి కాదు, ఇక్కడే చాలామంది తికమక పడతారు. కోర్సులు, డిగ్రీ ప్లాను చూసేవాళ్లం నాలాంటి స్టాఫ్ అడ్వైజర్లం. కొన్ని డిపార్ట్‌మెంట్లలో ఆ పని ఒక ప్రొఫెసరే చూస్తారు. థీసిస్ చేసేవాళ్లకు పరిశోధన నడిపించే ఫ్యాకల్టీ అడ్వైజర్ వేరే ఉంటారు. వీసా స్టేటస్ (విద్యార్థిగా ఇక్కడ ఉండే అర్హత) విషయాలు చూసేది ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌వో (డెసిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్). నేను డీఎస్‌వోను కాను. స్టేటస్ మీద అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు. అలాగే ఏ కోర్సు వదిలితే డిగ్రీ ఎంత వెనక్కి పోతుందో డీఎస్‌వోకి తెలియకపోవచ్చు. ఏ మార్పు చేయాలన్నా ఇద్దరినీ అడగాలి, అదీ మార్పు చేయకముందే.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఒక సంగతి రాస్తాను. ఆ అబ్బాయిని గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు. మాస్టర్స్ మొదటి సెమిస్టర్, మూడు కోర్సులు, 9 క్రెడిట్లు. మాస్టర్స్‌లో ఫుల్‌టైమ్ అంటే ఎంతన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీయే నిర్ణయించుకుంటుంది, చాలాచోట్ల 9. అల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో మార్కులు బాగా తక్కువొచ్చాయి. రాత్రి వాట్సాప్ గ్రూపులో అడిగాడు. ‘డ్రాప్ కొట్టెయ్ బ్రో, డబ్ల్యూ వస్తుంది, జీపీఏకి ఏం కాదు’ అన్నారు సీనియర్లు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. డబ్ల్యూ, అంటే కోర్సు మధ్యలో మానేసినట్టు గుర్తు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉండిపోతుంది కానీ జీపీఏలో కలవదు. అక్కడికక్కడే పోర్టల్‌లో డ్రాప్ నొక్కేశాడు. రెండు రోజుల తర్వాత నా దగ్గరికి వచ్చాడు, అదీ ఈ విషయం మాట్లాడటానికి కాదు, వచ్చే సెమిస్టర్ కోర్సుల గురించి. స్క్రీన్ మీద 9 ఉండాల్సిన చోట 6 కనబడేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ‘ఇంటర్నేషనల్ ఆఫీసులో చెప్పావా?’ అని అడిగాను. ‘దానికీ దీనికీ సంబంధం ఏంటి మేడమ్?’ అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో చూడండి. అమెరికన్ బోధనా పద్ధతి అలవాటు లేకపోవడం, మొదట్లో ఇంగ్లిష్‌తోనో చదవాల్సిన పాఠాల బరువుతోనో ఇబ్బంది పడటం, స్థాయికి మించిన కోర్సులో చేరడం... ఈ కారణాల మీద కోర్సు భారం తగ్గించుకోవడానికి ఎఫ్-1 నిబంధనలే వీలు కల్పిస్తున్నాయి. ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారి. కనీసం సగం భారమైనా ఉంచుకోవాలి, తర్వాతి టర్మ్‌లో మళ్లీ ఫుల్‌టైమ్‌కి రావాలి. ఆ అబ్బాయి పరిస్థితి అచ్చంగా అదే. అడ్వైజర్‌గా నేను ఒక ఫారం మీద కారణం రాసి సంతకం పెట్టేదాన్ని, డీఎస్‌వో సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లో) ఎక్కించేవారు, ఆ తర్వాత డ్రాప్ చేసుకునేవాడు. పని అక్కడితో పూర్తి. కానీ ఆ అనుమతి డ్రాప్ చేయకముందే తీసుకోవాలి. తీసుకోకుండా చేస్తే స్టేటస్ పోయినట్టే. ఆ పూట అతన్ని వెంటబెట్టుకుని ఇంటర్నేషనల్ ఆఫీసుకి నేనే వెళ్లాను. స్టేటస్ పునరుద్ధరణకి యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి) దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. అది తేలేదాకా నెలల తరబడి ఎదురుచూపు, క్యాంపస్ ఉద్యోగం చేయడానికి లేదు, ఇంట్లో చెప్పలేడు. చివరికి స్టేటస్ తిరిగి వచ్చింది. ఆ నెలల్లో అతను ఎంత చిక్కిపోయాడో నేను చూశాను.

సీనియర్లను నేను తప్పు పట్టను. గది ఎక్కడ దొరుకుతుంది, ఏ ప్రొఫెసర్ ఎలా చెబుతారు, ఏ అసైన్‌మెంట్‌కి ఎన్ని రోజులు పడుతుంది, ఇవన్నీ వాళ్లకే బాగా తెలుసు. కానీ వాళ్లు చెప్పేది వాళ్లకు జరిగింది. వాళ్ల ప్రోగ్రాం వేరు, చేరిన ఏడాది వేరు, చేతిలో ఉన్న క్రెడిట్లు వేరు. ఇక్కడ విద్యార్థి ఏ ఏడాది చేరితే మామూలుగా ఆ ఏడాది క్యాటలాగ్‌లోని నిబంధనలే అతనికి వర్తిస్తాయి. రెండేళ్ల ముందు చేరిన సీనియర్‌కి సరిపోయిన కోర్సు నిరుటి నుంచి లెక్కలోకి రాకపోవచ్చు.

మరి పిల్లలు మా దగ్గరికి ఎందుకు రారు? నాకు అర్థమైనంతలో, భయం. మన చదువుల్లో ఆఫీసు గదిలోకి పిలిచారంటే ఏదో తప్పు చేసినట్టే. అందుకే చాలామంది నేను కూర్చోమనేదాకా నిలబడే ఉంటారు. మార్కులు తగ్గాయని చెప్తే రికార్డుల్లో రాసేస్తారని, ప్రొఫెసర్‌కి చెప్పేస్తారని, ఇంటికి తెలిసిపోతుందని అనుకుంటారు. మేం నోట్స్ రాసే మాట నిజమే. రాసేది వచ్చేసారి మొదటినుంచీ చెప్పుకునే పని లేకుండా, రేపు నా స్థానంలో ఇంకొకరు వచ్చినా పని ఆగకుండా ఉండటానికి. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం తన విద్యా రికార్డులను చూసుకునే హక్కు విద్యార్థికి ఉంది. నేను తెలుగు మాట్లాడతానని తెలిశాక ‘మేడమ్’ కాస్తా ‘అక్కా’ అవుతుంది, అప్పుడు గానీ అసలు విషయం బయటికి రాదు. అడ్వైజర్ తెలుగువాళ్లు కాకపోయినా ఆ మాటలు చెప్పవచ్చు. ఈ దేశంలో నేను చూసిన అడ్వైజర్లలో ఎక్కువమంది ఓపికగా వినేవాళ్లే.

అడ్వైజర్ ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు. స్టూడెంట్ పోర్టల్‌లో పేరు, ఈమెయిల్, అపాయింట్‌మెంట్ లింకు సాధారణంగా ఉంటాయి. లేకపోతే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ ఎవరని అడిగితే చెబుతారు. ఎప్పుడు వెళ్లాలన్నది మాత్రం ముఖ్యం. అడ్వైజర్‌ని కలిస్తే గానీ రిజిస్ట్రేషన్ తెరుచుకోకుండా చాలా డిపార్ట్‌మెంట్లు హోల్డ్ పెడతాయి. అందరూ ఆ హోల్డ్ తీయించుకోవడానికే, ఆ వారంలోనే వస్తారు. మాలో ఒక్కొక్కరి కింద వందలమంది ఉంటారు. అప్పుడు ఒక్కొక్కరికి దొరికేది పావుగంట, అది కూడా హడావుడిగా. అదే సెప్టెంబర్ నెలాఖరులోనో ఫిబ్రవరిలోనో రండి, మా క్యాలెండర్ ఖాళీగా ఉంటుంది, నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఏ సమస్యా లేనప్పుడు కలిసిన విద్యార్థి ముఖం, పేరు నాకు గుర్తుంటాయి. తర్వాత సమస్య వచ్చి మెయిల్ పెడితే విషయం వెంటనే అందుతుంది.

మెయిల్ అంటే గుర్తొచ్చింది. అర్ధరాత్రి వచ్చే మెయిళ్లు ఇలా ఉంటాయి: ‘రెస్పెక్టెడ్ మేడమ్, నేను చాలా పెద్ద సమస్యలో ఉన్నాను. నా భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది. దయచేసి వీలైనంత త్వరగా సాయం చేయండి.’ స్టూడెంట్ ఐడీ ఉండదు, కోర్సు నంబరు ఉండదు, సమస్య ఏమిటో ఉండదు. పంపింది సొంత జీమెయిల్ నుంచి. ఆ అకౌంటుకి విద్యార్థి వివరాలు పంపడానికి మాకు చాలాచోట్ల అనుమతి ఉండదు. ఏం సమస్య అని నేను అడగడానికి ఒక రోజు, తను చెప్పడానికి ఒక రోజు, ఈలోగా గడువు తేదీ దాటిపోతుంది. మొన్నీమధ్య ఒక అమ్మాయి రాసిన మెయిల్ చూసి మాత్రం ముచ్చటేసింది. సబ్జెక్ట్ లైన్లోనే ఐడీ, కోర్సు నంబరు. లోపల నాలుగు వాక్యాలు: డేటాబేస్ కోర్సు నిండిపోయింది, వెయిట్‌లిస్ట్‌లో మూడో స్థానంలో ఉన్నాను, దాని బదులు ఈ రెండు కోర్సుల్లో ఏది తీసుకున్నా డిగ్రీ ఆడిట్‌లో (పూర్తయిన, మిగిలిన కోర్సులు చూపే పట్టికలో) కోర్ కింద లెక్కకొస్తుందా, శుక్రవారం లోపు నిర్ణయించుకోవాలి. టీ చల్లారేలోపు జవాబు పంపాను.

కలవడానికి వచ్చేటప్పుడు కూడా అంతే. ‘ఏ కోర్సు తీసుకోమంటారు?’ అని అడిగితే నేను అందరికీ చెప్పేదే చెప్పగలను. డిగ్రీ ఆడిట్ తెరిచి చూసుకుని, వచ్చే రెండు సెమిస్టర్లకూ తనకు తోచిన ప్లాను కాగితం మీద రాసుకుని, ఒక కోర్సు దొరక్కపోతే బదులుగా ఏది తీసుకోవాలో కూడా ఆలోచించుకుని వస్తే మా సంభాషణ ఎక్కడికో వెళ్తుంది. డేటా ఇంజనీరింగ్ ఉద్యోగం కావాలా, పీహెచ్‌డీ ఆలోచన ఉందా, క్యాంపస్‌లో వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, అన్నీ చెప్పాలి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు. ఆ 20 గంటలూ పనిచేసేవాళ్లకు మూడు ప్రోగ్రామింగ్ కోర్సులు ఒకే సెమిస్టర్‌లో పెట్టవద్దనే నేను చెబుతాను. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేకపోయినా, ఆప్తులు పోయినా చెప్పాలి. కోర్సు చివరి భాగం పూర్తి చేయలేకపోతే ప్రొఫెసర్ ఒప్పుకుంటే ఇన్‌కంప్లీట్ గ్రేడు పెట్టించుకుని తర్వాత పూర్తి చేసే దారి ఉంటుంది. మనసు బాగా లేకపోతే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి మేమే తోడు వెళ్తాం.

ఇంటర్న్‌షిప్ సంగతి ఒక్క మాట. సీపీటీకి (చదువులో భాగంగా బయట కంపెనీలో పనిచేసే అనుమతికి) సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి. ఆ పని చదువులో భాగమని డిపార్ట్‌మెంట్ వైపు నుంచి ధ్రువీకరించాలి, ఆపైన డీఎస్‌వో అనుమతి ఇవ్వాలి. అనుమతి ఉన్న కొత్త ఐ-20 చేతికొచ్చి, అందులో రాసిన ప్రారంభ తేదీ రాకముందు కంపెనీలో ఒక్క రోజు కూడా పనిచేయకూడదు. ఆఫర్ లెటర్ రాగానే మా ఇద్దరికీ చెబితే సరిపోతుంది.

థీసిస్‌కి ఫ్యాకల్టీ అడ్వైజర్‌ని వెతుక్కునేవాళ్లు మాత్రం తొందరపడకూడదు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఒకే మెయిల్ పంపితే ఎవరూ జవాబివ్వరు. ముందు ఆ ప్రొఫెసర్ క్లాసులో చదివి, ఈమధ్య రాసిన పేపర్లు రెండైనా చదివి, ఆ పేపర్లో ఏది ఆసక్తి కలిగించిందో రాయాలి. ఇప్పటికే ఆయన దగ్గర పనిచేస్తున్న విద్యార్థులతో మాట్లాడితే అసలు సంగతులు తెలుస్తాయి: ఎన్ని రోజులకోసారి కలుస్తారు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి చదువుతారు, ఆయన విద్యార్థులు సగటున ఎంత కాలానికి బయటపడుతున్నారు. ఫండింగ్ ఉందా లేదా అన్నది మొహమాటపడకుండా మొదట్లోనే అడగాలి. డబ్బు మాట ఎత్తితే ఏమనుకుంటారో అని మనవాళ్లు ఊరుకుంటారు, ఇక్కడ అది తప్పేమీ కాదు.

అడ్వైజర్లు చెప్పేది అన్నివేళలా సరిగ్గా ఉంటుందని నేను అనను. కొందరు ఆలస్యంగా జవాబిస్తారు, కొత్తగా చేరినవాళ్లకు అన్నీ తెలియకపోవచ్చు. అందుకే ముఖ్యమైన విషయం ఏది మాట్లాడుకున్నా, ‘ఈ రోజు మీరు ఇలా చెప్పారు, నేను ఇలా చేస్తున్నాను, సరేనా’ అని అదే రోజు ఒక మెయిల్ పెట్టాలి. రాతలో ఉన్న మాట తర్వాత పనికొస్తుంది. ఎంత ప్రయత్నించినా కుదరకపోతే అడ్వైజర్‌ని మార్చమని డిపార్ట్‌మెంట్‌ని మర్యాదగా అడగవచ్చు. ఇక్కడ అది గొడవ కిందకి రాదు.

ఇక తల్లిదండ్రులకు. మీలో కొందరు మా ఆఫీసుకి ఫోన్ చేస్తారు. ‘అమ్మా, మా వాడు క్లాసులకు వెళ్తున్నాడా? పదిరోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు’ అని ఒక తల్లి అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే మామూలుగా మేం ఏమీ చెప్పకూడదు. ఆవిడకి అది తెలుగులో చెప్పడం నా ఉద్యోగంలో నాకు చాలా కష్టమనిపించిన పనుల్లో ఒకటి. అయితే మీరు చెప్పే మాట వినడానికి మాకు అడ్డేమీ లేదు. పిల్లవాడు ఇబ్బందిలో ఉన్నాడనిపిస్తే చెప్పండి, మేమే అతన్ని పలకరిస్తాం. అంతకన్నా ముందు, వారం వారం ఫోన్లో పార్ట్‌టైమ్ దొరికిందా అని అడిగినట్టే అడ్వైజర్‌ని కలిశావా, ఏం చెప్పారు అని కూడా అడగండి. మార్కులు అడిగితే దాచే పిల్లలు ఈ ప్రశ్నకి జవాబు చెబుతారు.

మీ పత్రికను కోరేది ఇదీ. ఏటా జూన్, జూలై నెలల్లో, పిల్లలు ఆగస్టు ప్రయాణాలకు సిద్ధమయ్యే వేళ, మొదటి సెమిస్టర్‌లో అడ్వైజర్‌తో, డీఎస్‌వోతో ఏం మాట్లాడాలన్న దాని మీద విద్యా పేజీలో కొంత చోటు ఇవ్వండి. ఇక్కడ చదువు పూర్తి చేసిన మన పిల్లల చేత రాయించండి. పంపే ముందు ఓరియెంటేషన్ పెట్టే కన్సల్టెన్సీలు ఎయిర్‌పోర్ట్‌లో ఏం చెప్పాలో గంటసేపు నేర్పిస్తాయి. అందులో పది నిమిషాలు దీనికి ఇమ్మని అడగండి.

ఆ వ్యాసంలో తప్పక చేర్చవలసిన చిన్న విషయం ఇంకొకటి ఉంది. బయల్దేరే ముందు బీటెక్ ట్రాన్‌స్క్రిప్టులతో పాటు సబ్జెక్టుల సిలబస్ కాపీలు కాలేజీ ముద్రతో తీసుకోమనండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ లాంటివి అక్కడ చదివేసినా, రుజువు లేక మళ్లీ ప్రిపరేటరీ కోర్సులుగా డబ్బు కట్టి చదివేవాళ్లు ఉన్నారు. సిలబస్ చూపిస్తే మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది డిపార్ట్‌మెంట్ పరిశీలిస్తుంది. ఇక్కడికి వచ్చాక ఆ కాగితాలు తెప్పించుకోవడం చాలా కష్టం, ఈలోగా మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది.

ఉద్యోగ నిబంధనల దృష్ట్యా నా పేరు, యూనివర్సిటీ పేరు ప్రచురించవద్దని మనవి.

మీ పాఠకురాలు,
అకడమిక్ అడ్వైజర్, అమెరికా